పసుపు వదలని రాయి

ఆ ఎండాకాలం నాందేడులో రెండింటికి కరువొచ్చింది. ఒకటి గోదావరిలో నీళ్లు, రెండోది ఫోటో ప్లేట్లు. నీళ్ల బాధ ఊరందరిదీ. ప్లేట్ల ఏడుపు మాత్రం నా ఒక్కడిదే. ఎక్కడో యుద్ధం జరుగుతోందనీ, ఓడలు రావడం లేదనీ హైదరాబాదు దుకాణంవాడు చేతులెత్తేశాడు. మందు పూసిన ఆ గాజు ప్లేట్లు లేకపోతే నా కెమెరా వట్టి చెక్కపెట్టె, నేను వట్టి బాలన్నను. మిగిలిన ఒక్క డబ్బాను ఇత్వారా వాడలో మా ఇంటి వెనక చీకటి గదిలో, చిన్న కొయ్యపెట్టెలో పెట్టి, పిసినారివాడిలా కాపలా కాశాను.

మా వంశమంతా మగ్గం మీద బతికినవాళ్లు. నేనొక్కణ్ణి ఆ మగ్గం గుంతలోంచి లేచి కెమెరా పట్టుకున్నాను. నా భార్య శాంతాబాయికి ఈ పని మీద గౌరవం లేదు గానీ భయం మాత్రం ఉండేది. చిన్నపిల్లలకు ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. ఊళ్లో షావుకార్ల పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి తీసిన నేను, నా ఏడేళ్ల కూతురు సుమనను ఒక్కసారి కూడా తీయలేదు. పిల్ల కెమెరా ముందుకు వస్తే చాలు, శాంత వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయేది.

చైత్రంలో రామకిషన్ సాబు వచ్చాడు. సర్కారు తరఫున రాళ్లు పరీక్షించే మనిషి. సర్కారు ఇచ్చిన నాలుగు ప్లేట్లతో గుట్టల ఫోటోలు తీయడానికి నన్ను వెంట తీసుకుపోయాడు. ఎద్దుబండి మీద భోకర్ దిక్కు కొన్నాళ్లు, దెగ్లూర్ దిక్కు కొన్నాళ్లు తిరిగాం. సన్నగా, వంగి నడిచే మనిషి. పెళ్లి చేసుకోలేదు. రాళ్లతో మాట్లాడినంత తీరుబడిగా మనుషులతో మాట్లాడేవాడు కాదు. ఎందుకో నాతో మాత్రం కుదిరింది.

దెగ్లూర్ అవతల ఒక పల్లెలో బావి తవ్వుతూ బండ పగలగొట్టారు. ఆ బండ పగుళ్లలో పసుపు రంగు రేకులు మెరుస్తున్నాయి. వాటిని చూసి సాబు ఎర్రటి ఎండలోనే చతికిలబడ్డాడు.

"బాలన్నా, గిటు రా. గోరు పెట్టి గీకు."

గీకాను. సన్నటి గీత పడింది. అభ్రకంలా చదరపు రేకు ఒకటి ఊడి వచ్చింది. ఆయన దాన్ని నునుపు లేని తెల్ల పింగాణీ ముక్క మీద రుద్దితే లేత పసుపు గీత పడింది. తేజాబు, అంటే యాసిడ్, ఒక చుక్క వేస్తే పొంగలేదు, మెల్లగా కరిగింది. ఒక ముక్కను దారానికి కట్టి గాలిలో ఒకసారి, నీళ్లలో ఒకసారి తూచాడు. ప్రతిదానికీ తల ఊపుతూ ఏదో గొణుక్కున్నాడు.

"దీని పేరేంది సాబ్?"

"గదే తెలుస్తలేదు. రాళ్లకు గూడ గోత్రాలుంటయి బాలన్నా. దీని గోత్రం యురేనియమని నాకు అనుమానం. గని అండ్ల మళ్ల ఇంటిపేర్లు ఎన్నో ఉన్నయి. భాస్వరంతోని కలిస్తె ఒకటి, ఇసుకతోని కలిస్తె ఒకటి. భాస్వరం ఇంట్ల గూడ రాగి చేరితె ఆకుపచ్చ, సున్నం చేరితె పసుపు. ఇది పసుపే గని, సున్నమున్న రాయి కన్న బరువున్నది. అండ్లనే కిరికిరి."

"పెండ్లి సంబంధం చూసినట్టె చూస్తున్నరు."

ఆయన నవ్వాడు. "మరి తప్పు ఇంటిపేరు రాస్తె హైదరాబాద్ల నన్ను జూసి నవ్వుతరు." అసలు మాటకు వచ్చాడు. "సర్కారువి అయిపోయినయి, నీదొక్క ప్లేటు ఇస్తవా? యురేనియమైతె దీన్ల నుంచి కంటికి కనపడని వెలుగు అస్తది. నల్ల కాగితం సుత దాన్ని ఆపది. ప్లేటు మీద కొన్ని రోజులు పెడితె, చీకట్ల గూడ తన బొమ్మ తనే దింపుకుంటది. గది చూస్తె గోత్రం సంగతి తేలిపోతది."

నేను ససేమిరా అన్నాను. "కెమెరా లేకుండనే ఫోటో దిగే రాయికి నాతోని పనేంది సాబ్" అని ఎకసెక్కం కూడా ఆడాను. ఆయన నొచ్చుకోలేదు. ఆదిలాబాద్ దిక్కు పోతూ, పిడికెడంత రాయి ఒకటి, గోరంత ముక్క ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఎప్పుడన్న ఒక ప్లేటు ఖరాబైతె దాని మీద పెట్టి చూడు. వాపసొచ్చినప్పుడు తీస్కపోత. ఎండకు పెట్టకు. లోపలి నీళ్లు పోతె ఇది మళ్ల ఇదే రాయి గాదు."

గోరంత ముక్కను కాగితంలో చుట్టి కోటు జేబులో వేసుకున్నాను. పెద్దదాన్ని ప్లేట్లకు దూరంగా, పెరటి గోడకున్న గూట్లో పెట్టాను. అంత జాగ్రత్తగానే ఉన్నాను.

మర్నాడు పొద్దున శాంత గూడు కడుగుతూ రాయిని కూడా కడిగింది. ఎంత తోమినా పసుపు పోలేదు. నాకు చెప్పకముందే పక్కింటి కాశీబాయిని పిలుచుకొచ్చింది. మా వాడలో పోచమ్మకు ఏది చేయాలో, ఏది చేయకూడదో చెప్పే ముసలామె కాశీబాయి. ఆమె రాయిని అటూ ఇటూ తిప్పి చూసి కళ్లకద్దుకుంది.

"మనం పూసిన పసుపు గాదిది. తనకు తనే పూసుకున్నది. పోచమ్మ మీ ఇంటికి నడిచొచ్చింది బిడ్డా."

"నడిచి రాలే, ఎద్దుబండి మీద నేనే తెచ్చిన" అన్నాను. ఇద్దరూ కలిసి చూసిన చూపుకు నోరు మూసుకుని బయటపడ్డాను. సాబు వచ్చి తీసుకుపోతాడు కదా, అందాకా ఉండనీ అనుకున్నాను.

సాబు కంటే ముందు జ్వరం వచ్చింది. వైశాఖంలో సుమన ఒళ్లు కాలిపోయింది, ఆ తర్వాత ముఖమంతా పొక్కులు లేచాయి. మా ఇళ్లల్లో ఆ జబ్బు పేరెత్తరు. అమ్మ పోసిందంటారు, పొక్కులను ముత్యాలంటారు. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో తాలింపు ఆగిపోయింది, నా గడ్డం పెరిగింది.

"అమ్మ ఇంట్ల ఉన్నన్నొద్దులు ఘాటు వాసన తగలొద్దు" అంది కాశీబాయి, నా చీకటి గది వైపు వేలు పెట్టి చూపిస్తూ. ప్లేట్లు కడిగే మందుల సీసాలకు బిరడాలు బిగించి, గది తలుపు దగ్గరికి వేశాను. ఆ రోజుల్లో గూట్లో ఉన్నది వట్టి రాయని అనడానికి నాకు ధైర్యం లేదు. నిజం చెప్పాలంటే నేనూ రోజూ దానికి దండం పెట్టాను. సాబు చెప్పిందంతా నాకు గుర్తుంది, అయినా పెట్టాను. మంచం మీద పిల్ల మూలుగుతుంటే ఎవరికి పెట్టమన్నా పెడతాం.

ఒక పొద్దున జ్వరం కాస్త దిగి సుమన లేచి కూర్చుంది. కళ్లు వాచి, సగమే తెరుచుకుంటున్నాయి.

"నాయినా, నన్ను గూడ ఫోటో దియ్యవా?"

నేను శాంత వైపు చూశాను. ఎప్పట్లా కసురుకుంటుందనుకున్నాను. ఆమె నన్ను పెరట్లోకి తీసుకుపోయింది.

"తియ్యి. ఇన్నేండ్లు నేనే ఒద్దన్న. ఇప్పుడు నేనే అంటున్న, తియ్యి."

"తగ్గినంక తీస్త శాంతా. మొఖం మీద ముత్యాలున్నయి గద."

"ఉంటె ఉండనీ. నాకు నా బిడ్డ మొఖం గావాలె, సుమన నాయినా." ఆమె నా చెయ్యి పట్టుకుంది. "తగ్గుతదని నువ్వు రాసిస్తవా?"

నేను కెమెరా తేవడానికి కదిలాను.

"గని ఇయ్యాల్నే గాదు" అంది మళ్లీ కళ్లు తుడుచుకుని. "ఇప్పుడది అమ్మ మొఖం. ఆమె ఒప్పుకోకుండ తీస్తె ఇంక కోపమొస్తది. రెండు మూడొద్దులు ఆగు, నేను ఒప్పిస్త."

ఎలా ఒప్పిస్తుందో నేను అడగలేదు. ఏవో మొక్కులు మొక్కుకుంటుందిలే అనుకున్నాను. మూడోనాడు పొద్దున్నే వచ్చి, "అమ్మ మీద పెట్టిన పువ్వు కుడి దిక్కు పడ్డది, అమ్మ ఒప్పుకుంది" అంది. ఇన్ని రోజుల తర్వాత ఆమె ముఖంలో కాస్త కళ కనిపించింది.

చీకటి గదిలోకి పోయి తడుముకుంటూ డబ్బాలోంచి ఒక ప్లేటు తీసి వెలుగు తగలని చట్రంలో బిగించాను. అది చీకట్లో చేసే పని, చేతులే చూసుకుంటాయి. వసారాలో పీట మీద సుమనను కూర్చోబెట్టాం. జరీ అంచున్న ఆకుపచ్చ లంగా, చేతిలో వేపమండ.

"నవ్వాల్నా నాయినా?"

"నీకెట్ల ఇష్టమైతె అట్ల, బిడ్డా."

నల్ల గుడ్డ కింద తల పెడితే అద్దం మీద నా కూతురు తలకిందులుగా కనిపించింది. ఆ ముఖాన్ని సరిచేసుకుంటున్నట్టు చాలాసేపు ఆ గుడ్డ కిందే ఉండిపోయాను. నేను ఏడవడం పిల్ల చూడకూడదు. బయటికి వచ్చి, చట్రం అమర్చి, కెమెరా మూత తీశాను. సుమన కొంచెం నవ్వింది, పెదవులు నొప్పి పెడుతున్నా నవ్వింది. మూత పెట్టేశాను.

తీసిన ప్లేటును నల్ల కాగితంలో చుట్టి మళ్లీ ఆ డబ్బాలోనే, ఆ పెట్టెలోనే పెట్టాను. కడగాలంటే మందులు తీయాలి. కాశీబాయి ఒప్పుకోలేదు.

"అమ్మను సాగనంపినంక కడుక్కో. ఏడికి పోతది నీ బిడ్డ మొఖం?"

మరుసటి వారం సుమన పోయింది. పొద్దున్నే నీళ్లడిగింది. శాంత గ్లాసు తెచ్చేసరికి తాగే మనిషి లేదు.

నా సంగతి వదిలేయండి, నేను గోడకు తల కొట్టుకుని ఏడ్చాను. శాంత అంతగా ఏడవలేదు. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరితో ఒకటే మాట చెప్పింది: "నా బిడ్డ ఫోటో ఉన్నది. అమ్మ నన్ను ఉత్త చేతులతోని పంపలే." ఆ ఫోటో ఎక్కడ కట్టించాలో, ఏ గోడకు పెట్టాలో కూడా అనుకుంది. ఆ గోడకు తనే సున్నం వేసింది. నాకు భయం వేసింది. ఆమె మొత్తం బతుకు ఆ ఒక్క గాజు ముక్క మీద నిలబడి ఉందని అర్థమైంది.

వేపాకు నీళ్లు చల్లి, పెరుగన్నం పెట్టి అమ్మను సాగనంపారు. ఆ మధ్యాహ్నమే నేను చీకటి గదిలోకి పోయి తలుపు బిగించి, ఎర్ర దీపం వెలిగించి మందులు కలిపాను. పెట్టె మూత తీసి చెయ్యి పెట్టాను.

డబ్బా మీద నా చేతికి గుడ్డ తగిలింది. గుడ్డలో బరువు. విప్పితే కుంకుమ, వాడిపోయిన వేపాకు, పిడికెడంత రాయి.

ఒప్పిస్తానన్నది ఇలాగా! బొమ్మ దిగబోయే చోట అమ్మను ముందే కూర్చోబెట్టి, ఆమె అనుమతి అడిగింది. ప్లేటు తీసుకునే రోజు పొద్దున పిల్ల దగ్గరికి తీసుకుపోయి, ఫోటో అయ్యాక, ఆ ముఖానికి కాపలాగా మళ్లీ తెచ్చి పెట్టింది. ఇన్నాళ్లూ నేను దండం పెట్టింది వేపమండలు కప్పిన వట్టి గూటికన్నమాట. సాబు మాట ప్రతిదీ చెవిలో వినిపించింది. అయినా ఏదో ఆశ. సాబుకే అనుమానం తీరలేదు కదా, ఇది ఆ గోత్రం కాదేమో, మామూలు రాయేమో అనుకుంటూ ప్లేటును మందులో వేశాను.

ముందు లంగా అంచు వచ్చింది. తర్వాత పాదాలు, వేపమండ పట్టుకున్న చెయ్యి, గాజులు. ఒక్క క్షణం బతికిపోయాననుకున్నాను. అప్పుడు నడుమ నుంచి నలుపు లేచింది. ముఖం ఉండాల్సిన చోట పిడికెడంత నలుపు, రాయి అంచులు రాయివే, దాని గరుకు కూడా కనిపిస్తోంది. మిగిలిన ప్లేట్లన్నీ తీసి కడిగాను. అన్నింటి మీదా అదే మచ్చ ఉంది. దేని మీదా నా కూతురు లేదు.

నాకు కోపం వచ్చింది. అబద్ధమెందుకు, రాయి తీసుకుపోయి శాంత ముందు విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ ఊపులోనే తలుపు తీశాను. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది.

"అచ్చిందా? మంచిగచ్చిందా?" అని నా చేతిలోని రాయిని చూసి, దొరికిపోయిన పిల్లలా తలొంచుకుంది. "పెట్టెల నేనే పెట్టిన అమ్మను. నువ్వు తిడతవని చెప్పలే. ఆమె దగ్గరుండి చూసుకున్నది, బిడ్డ మొఖానికేం గాదు."

విసరాలనుకున్న రాయిని ఆమె చేతుల్లో పెట్టాను.

"ఫోటో రాలే శాంతా. మందు చెడిపోయినట్టున్నది."

ఆమె సున్నం వేసిన గోడ వైపు చూస్తూ అక్కడే కూలబడింది.

రెండు రోజులకు రామకిషన్ సాబు వచ్చాడు. పిల్ల సంగతి దారిలోనే విన్నాడట, చెప్పులు విడిచి, తలొంచుకుని వసారాలో కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి, కిటికీకి ఆనించి ఉన్న ప్లేటును చూశాడు. పారేయడానికి నాకు చేతులు రాలేదు. అందులో పాదాలున్నాయి కదా. ఆయన దాన్ని వెలుగుకు పట్టుకుని ఉలిక్కిపడ్డాడు.

"అరె! బాలన్నా, దీని మీద ఆ రాయి పెట్టినవా? గిది దాని వెలుగే! రాయి తన బొమ్మ తనే దింపుకున్నది. యురేనియమే, ఇగ షక్కు లేదు!" ఆయన ప్లేటును మళ్లీ వెలుగుకు ఎత్తాడు. పిచ్చి మనిషి, ఆ నలుపు కింద ఏముండేదో ఆయనకు తెలియదు.

శాంత నీళ్ల చెంబుతో తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఏ రాయి?" అంది. "ఏ రాయి ఖరాబు చేసింది నా బిడ్డ ఫోటోను?"

ఆమె చూపు పెరట్లోని గూటి వైపు పోతోంది. నేను లేచి నిలబడ్డాను. కోటు జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాను.

"ఇది. సాబు నాకిచ్చిన ముక్క. ప్లేటు మీద పెట్టి చూడుమన్నడు, నేనే పెట్టిన. ఏ ప్లేటు మీద పెడుతున్ననో చూసుకోలే. మందు చెడిపోయిందని నీకు అబద్ధం చెప్పిన."

సాబు నా చేతిలోని గోరంత ముక్కను చూశాడు. ప్లేటు మీది పిడికెడంత మచ్చను చూశాడు. రాళ్లను చూసి బతికే మనిషి, ఆయన్ను ఎలా మోసం చేస్తాను?

"మరి గూట్ల ఉన్నదో?" శాంత ఆయన్నే అడిగింది. "అదీ ఇదీ ఒక్కటే గాదా సాబ్?"

ఆయన నా ముఖం చూశాడు, ఆమె ముఖం చూశాడు. గూటి దాకా పోయి, కుంకుమ బొట్లు పెట్టిన రాయి ముందు వంగి చూసి వచ్చాడు.

"గాదమ్మా. రంగొక్కటే, జాతి వేరు. గూట్ల దానికి ఆ గుణం లేదు. గది మీ దేవత, మీ ఇంట్లనే ఉండనీయుర్రి."

ఇంటిపేరు తప్పు రాస్తే నవ్వుతారని భయపడిన మనిషి, రాయి గురించి తెలిసి తెలిసి తప్పు చెప్పాడు. గోరంత ముక్క మాత్రం తీసుకుని వెళ్లిపోయాడు. ప్లేటు అడగలేదు.

శాంత నన్ను తిట్టలేదు. చెంబు కింద పెట్టి, "పరీక్ష కోసమని నా బిడ్డ మొఖం కాలవెట్టినవా" అంది, అంతే. ఆ రోజు నుంచి నన్ను సుమన నాయినా అని పిలవడం మానేసింది. అన్నం తినమనాలన్నా, తలుపు వేయమనాలన్నా "ఇగో" అనేది. ఇప్పుడు శాంత లేదు, అందుకే ఈ మాట చెప్పగలుగుతున్నాను. ఆమె ఉండగా చెప్పకపోవడం గొప్పతనమేమీ కాదు. నా ముఖం చూడకుండా ఉండటం ఆమెకు చేతనవుతుంది. తన చేతులను తను చూడకుండా ఎలా బతుకుతుంది?

మాట ఊరంతా పాకింది. కన్నకూతురి ఫోటోనే కాలబెట్టినవాడి దగ్గర ఎవరు కూర్చుంటారు? పెళ్లిళ్లవాళ్లు రాలేదు, షావుకార్లు రాలేదు. వచ్చినా నా దగ్గర ప్లేట్లు లేవు. జ్యేష్ఠం చివర మా నాయన మగ్గం దుమ్ము దులిపి గుంతలో కాళ్లు పెట్టాను.

హైదరాబాదు తిరిగి పోతున్నప్పుడు సాబు కబురు పెడితే స్టేషనుకు పోయాను. రైలు కిటికీలోంచే మాట్లాడాడు.

"తేలింది బాలన్నా. సున్నం ఉండాల్సిన కాడ బేరియం ఉన్నది, గందుకే అంత బరువు. చానా అరుదైన రాయి. గని ఆ బావిల ఉన్నది జానెడు పగులే, ఇగ దొరకది. ఎవ్వలికీ అక్కరకు రాదు." కిటికీ చువ్వల్లోంచి చెయ్యి చాపి నా భుజం పట్టుకున్నాడు. రైలు కదిలింది.

ఆషాఢంలో వాడంతా పోచమ్మకు బోనాలెత్తింది. శాంత ఈసారి ఆ జోలికి పోదేమో అనుకున్నాను. ఆమె తెల్లవారుతూనే తలస్నానం చేసి, గూడు కడిగి, దీపం పెట్టింది. వేసవి ఎండకో, రోజూ పెట్టే దీపం సెగకో, రాయి మీది రేకులు పాలిపోయి పొట్టులా రాలుతున్నాయి. సాబు చెప్పినట్టే, లోపలి నీళ్లు పోయి అది వేరే రాయి అయిపోయింది. రాలిన చోటల్లా శాంత వేలితో పసుపు అద్దింది. ఇప్పుడది నిజంగానే మనిషి పూసిన పసుపు.

నేను మగ్గం గుంతలో కూర్చుని తెగిన పోగు అతుకుతున్నాను. నేనున్నట్టు ఆమె చూసుకోలేదు. గూటి ముందు బోనం దించి చేతులు జోడించింది.

"తల్లీ, సుమన నాయిన తెల్వక చేసిండు. ఆయన మీద కోపం పెట్టుకోకు. నాకైతె మనసొస్తలేదు, నువ్వన్న ఆయన్ను మన్నించు."

ఎన్నాళ్లకో ఆ పిలుపు విన్నాను. అతికిన పోగు నా చేతుల్లో మళ్లీ తెగింది. తల ఎత్తకుండా దాని కొస కోసం వెతుక్కున్నాను.